ఆచార్యుడూ అంతేవాసీ ఒక్కరే అయినప్పుడు

తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి విద్యను ఒక సంధిగా దర్శించింది. ఆచార్యుడు పూర్వరూపం, అంతేవాసి ఉత్తరరూపం, ఆ రెండింటి నడుమ ఏర్పడే సంధి విద్య, వాటిని కలిపే సాధనం ప్రవచనం. సాధారణంగా ఈ రెండు రూపాలూ ఇద్దరు వ్యక్తులలో ఉంటాయి. జీవితంలో ఒకే ఒక్క దశలో అవి ఒకే మనిషిలో నిలుస్తాయి. ఆ మనిషి ఛాత్రోపాధ్యాయుడు. ఈ నెల బడిలో పిల్లలచేత ‘సార్’ అనిపించుకొని, వచ్చే నెల శిక్షణ కళాశాలలో తానే బెంచీమీద కూర్చునేవాడు.

2015 నుండి బి.ఎడ్. రెండు సంవత్సరాల అధ్యయనం అయింది. అందులో 20 వారాలు బడిలో గడపాలి. మిర్యాలగూడ పరిసరాల నుండి ఈ శిక్షణకు వచ్చే యువతీయువకులలో పలువురు వ్యవసాయ కుటుంబాలవారు, రైసు మిల్లులలో కాయకష్టం చేసేవారి బిడ్డలు. వారి మనస్సులో ఒక గొలుసు తిరుగుతూ ఉంటుంది. పాఠం రికార్డు కోసం, రికార్డు మార్కుల కోసం, మార్కులు పట్టా కోసం, పట్టా డీఎస్సీ కోసం. ఈ గొలుసులో ఆనందం ఎల్లప్పుడూ తరువాతి కొక్కేనికే వ్రేలాడుతుంది. తెలంగాణలో 2017లో 8,792 ఉపాధ్యాయ పోస్టులకు ప్రకటన వెలువడింది. ఆ తరువాతి డీఎస్సీ పరీక్ష 11,062 పోస్టులకు 2024లో గాని జరుగలేదు. తన సంతోషాన్నంతటినీ ఆ ఒక్క కొక్కేనికి తగిలించినవాడు ఆ నడుమ సంవత్సరాలను ఏమి పెట్టి నింపుకోగలడు?

అట్లని ‘ఉద్యోగం ఆశించకు, తృప్తిగా ఉండు’ అని ఉపదేశించడం శాస్త్రసమ్మతం కాదు. అదే శీక్షావల్లిలో ఆచార్యుడు హోమం చేస్తూ ముందుగా వస్త్రాలను, గోవులను, అన్నపానాలను కోరుకుంటాడు. ఆ పిమ్మటనే, పల్లానికి నీరు ప్రవహించినట్లు శిష్యులు తన వద్దకు రావాలని ప్రార్థిస్తాడు. సాగర్ ఎడమ కాలువ నీటితో పండిన వరిని ఎరిగిన ప్రాంతానికి ఈ ఉపమానాన్ని వేరుగా వివరించనవసరం లేదు. అన్నాన్ని నిందింపరాదన్నది భృగువల్లి విధించిన వ్రతం. కనుక బోధకుని జీతాన్ని ఎగవేసి, దానికి బదులు ‘గురుః సాక్షాత్’ అని పొగడే సమాజం ఆ వ్రతాన్ని భంగపరుస్తున్నది.

దోషం జీవికను కోరడంలో లేదు. ఎదుట ఉన్న పాఠాన్ని కేవలం మెట్టుగా భావించి త్రొక్కి దాటడంలో ఉన్నది. ఆనందమీమాంస దీనినే సూక్ష్మంగా చెప్పింది. యౌవనం, అధ్యయనం, దార్ఢ్యం, భూమినిండా సంపద కలవాని సుఖాన్ని ఒక ప్రమాణంగా గ్రహించి, దానిని నూరేసి రెట్లు పెంచుతూ బ్రహ్మానందం వరకు పోతుంది. అయితే మానుషానందం దాటిన ప్రతి మెట్టువద్దా, కామంచేత దెబ్బతినని శ్రోత్రియునికీ ఆ ఆనందమే కలదని మరల మరల గుర్తుచేస్తుంది. అనగా పై మెట్టు ఎక్కేదాకా ఆనందం ఆగనక్కరలేదు.

అది ఆచరణలో ఎట్లు సిద్ధిస్తుంది? సత్యమే ప్రధానమని ఒక ఋషి, తపస్సే ప్రధానమని మరొక ఋషి అనగా, స్వాధ్యాయ ప్రవచనాలే చాలు, అదే తపస్సు అన్నాడు నాకుడనే మౌద్గల్యుడు. ఛాత్రోపాధ్యాయునికి ఈ రెండూ ఒకే దినచర్యలో లభిస్తాయి. నాలుగు మూడు కంటె పెద్దది కదా, మరి నాల్గవ వంతు మూడవ వంతు కంటె చిన్నదెట్లు అయిందని ఐదవ తరగతి బాలిక అడిగిందనుకొందాం. పుస్తకంలోని సూత్రం అప్పుడు చాలదు. రెండు రొట్టెలు గీసి, ఒకదానిని ముగ్గురికి, వేరొకదానిని నలుగురికి పంచి చూపినప్పుడు ఆ బాలిక ముఖం విప్పారుతుంది. తాను ఇన్నేళ్లూ సూత్రం మాత్రమే నేర్చి, అర్థం నేర్వలేదని బోధకునికీ అదే క్షణంలో తెలుస్తుంది. ఒకే వెలుగు ఇరువైపులా పడడమే సంధి.

1910లో మద్రాసు సైదాపేటలో ఉపాధ్యాయ శిక్షణ పొందుతూ ఒక తెలుగు యువకుడు మనస్తత్త్వశాస్త్రంపై తన తోటి శిక్షణార్థులకే ఉపన్యాసాలు ఇచ్చారు. 1912లో అవి గ్రంథరూపం దాల్చాయి. ఆయనే సర్వేపల్లి రాధాకృష్ణన్. అప్పటికి ఆయనకు రాష్ట్రపతి పదవి లేదు, ఉపాధ్యాయ దినోత్సవం లేదు. చదివినదానిని ఎదుటివారికి విప్పి చెప్పడమొక్కటే ఉన్నది.

పర్యవేక్షకుడు పాఠ్యప్రణాళికను త్రిప్పి పంపినప్పుడు నొచ్చుకొనే శిక్షణార్థి భృగువును స్మరింపవచ్చు. అన్నమే బ్రహ్మమని తెలిసికొని వచ్చిన కుమారుని వరుణుడు మెచ్చి కూర్చోబెట్టలేదు, గద్దించి పంపనూ లేదు. మరల తపస్సు చేయుమన్నాడు. ప్రాణం, మనస్సు, విజ్ఞానం దాటి చివరకు ఆనందాన్ని తెలిసికొనేవరకు ఆ కుమారుడు తండ్రిని విడువలేదు, తపస్సునూ విడువలేదు.

పోస్టు రావచ్చు, ఆలస్యం కావచ్చు. దానికై శ్రమించవలసినదే. అయితే ప్రతి సాయంకాలం రికార్డు మూసేముందు రెండు ప్రశ్నలు వేసికొనే అభ్యాసం ఛాత్రోపాధ్యాయునికి ఉండాలి: నేడు ఏ బిడ్డకు ఏమి తెలిసింది? ఆ బిడ్డ వలన తనకేమి తెలిసింది? రెండింటికీ సమాధానం దొరికిన దినం వృథా కాదు. అట్టి దినాలు కూర్చుకొన్నవాడు నియామకపత్రం అందకముందే ఆచార్యుడు, అందిన తరువాత కూడా అంతేవాసి.