పరధ్యానము దోషమేనా?

పాఠము జరుగుచుండగా కిటికీ వెలుపలికి చూచుచున్న బాలుని మనము ఏమందుము? “వీనికి పరధ్యానము మెండు” అందుము. తల్లి రెండుమారులు పిలిచినను పలుకని బాలికను గూర్చియు ఇదే మాట. ఈ పదమును మనము నిందగానే వాడుచున్నాము. కాని యిందు ధ్యానమను మాట యున్నదని గమనించువారు అరుదు. పరధ్యానమనగా ధ్యానము లేకుండుట కాదు. ధ్యానము వేరొకచోట నుండుట. ఆ వేరొకచోటు ఏదియని యడుగకమునుపే దండించుట న్యాయము కాదని నా యభిప్రాయము.

ముందుగా ఎదుటి పక్షమును చెప్పుట ధర్మము. 2010వ సంవత్సరమున అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్టు అను పండితులు 2250 మంది వయోజనులను ఫోనుల మూలమున దినములో అప్పుడప్పుడు ప్రశ్నించిరి. ఇంచుమించు నూటికి 47 సార్లు వారి మనస్సు చేయుచున్న పనిపై లేదనియు, అట్టి వేళలలో వారికి సంతోషము తక్కువగా నుండెననియు తేలినది. దీనిని నేను కాదనను. పగను, భయమును, అసూయను నెమరువేయు మనస్సు ఎంత తిరిగినను గానుగెద్దువలె ఒక్కచోటనే యుండును.

అయినను తిరుగుటయంతయు గానుగ తిరుగుట కాదు. మనము ప్రత్యేకమైన పని యేదియు చేయక యూరకున్నప్పుడు మెదడు నిద్రపోవుట లేదనియు, అందలి కొన్ని భాగములు అప్పుడే మరింత చురుకుగా నుండుననియు మార్కస్ రైకల్ అను నాడీశాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలిసి 2001లో ప్రకటించెను. గడచినదానిని స్మరించుటకును, రాబోవుదానిని ఊహించుటకును, ఇతరుల మనస్సును గ్రహించుటకును ఆ భాగములు తోడ్పడునని తరువాతి పరిశోధనలు సూచించుచున్నవి. కనుక ఊరకున్నవాడు ఏమియు చేయుటలేదని తీర్పు చెప్పుటకు తొందరపడరాదు.

ఫ్రాన్సు దేశపు గణితవేత్తయగు హెన్రీ పొయాంకరే తన యనుభవమును 1908లో ప్రకటించిన గ్రంథమున తెలిపియున్నాడు. గణితమున క్రొత్త విషయమొకదానిని గూర్చి ఆయన పదునైదు దినములు బల్లయొద్ద కూర్చుండి శ్రమించెను. పిమ్మట కాన్ నగరమును విడిచి, భూగర్భశాస్త్ర యాత్రకు బయలుదేరెను. ప్రయాణపు సందడిలో గణితము మరపున పడెను. కూటాన్స్ అను ఊర బండి యెక్కుటకు మెట్టుపై కాలు మోపిన క్షణమున, తన గణితమునకును యూక్లిడేతర జ్యామితికిని గల సంబంధము ఆయన మనస్సున మెరసెను. ఇంటికి మరలి సరిచూడగా అది నిజమాయెను. విద్యార్థులారా, మీరు మరువరాని సంగతి యొకటి యున్నది. ముందు బుద్ధిపూర్వకమైన శ్రమయు, వెనుక సరిచూచు శ్రమయు లేనిచో ఇట్టి మెరుపు ఫలింపదని ఆయనయే హెచ్చరించెను. దున్నిన చేనికే వాన మేలుచేయును.

బుద్ధికి చెప్పిన మాటయే ఆత్మకును చెల్లును. పునీతుడగు అగస్టీను తన ‘ఒప్పుకోలులు’ అను గ్రంథము 10వ భాగమున తన చపలచిత్తమును నిందించుకొనెను. పొలమున కుక్క కుందేలును తరుముచుండినను, ఇంట బల్లి ఈగలను పట్టుచుండినను తన మనస్సు అటు పోవునట. వానిని చూచి సృష్టికర్తను స్తుతించుట కలదు గాని, తన చూపు మొదట నిలిచినది స్తుతికొరకు కాదని ఆయన దాచక చెప్పెను. అంతటి మహనీయునితో భేదించుటకు జంకుచునే యొక మాట చెప్పెదను: ఆయనకు దోషముగా తోచినది నాకు వరముగా తోచుచున్నది. బల్లి మొదలుకొని దేవునివరకు పోగలిగిన మనస్సును దారితప్పినదని యెట్లందుము? ప్రార్థనలో నీ తలంపు జబ్బుపడిన తల్లియొద్దకు పోయినచో దానిని గద్దించి వెనుకకు లాగవలదు. ఆ తల్లినే నీ ప్రార్థనగా చేసికొనుము.

తల్లిదండ్రులారా, నేటి చిక్కు మన పిల్లల మనస్సు తిరుగుచుండుట కాదు, త్రిప్పబడుచుండుట. బడి విడిచిన వెంటనే ట్యూషను, అది ముగిసిన వెంటనే సెల్‌ఫోను. ఆ చిన్న అద్దముపై బొమ్మవెంట బొమ్మ పరుగెత్తుచుండగా, బాలుని మనస్సు తన త్రోవ తాను వెదకికొనుటకు ఎడమెక్కడ? అది పరధ్యానము సైతము కాదు. ధ్యానమే లేని పరాధీనత. చెరువుగట్టున కూర్చుండి కొంగను చూచు బాలునికి కలుగు తలంపు వాని సొంతము. ఫోను చూపు వరుస పరుల సొత్తు.

కావున నా మనవి స్వల్పము. దినమున కొక అరగంట పిల్లలకు పుస్తకమును, పనియు, ఫోనును లేని వేళగా విడువుడు. వారు విసుగుదలయని మొరపెట్టినను తొందరపడి యేదో యొకటి చేతికీయకుడు; ఆ విసుగుదలకు ఆవలనే ఊహ మొదలగును. ఇక ఉపాధ్యాయ సోదరులతో ఒక్క మాట. “నీ మనస్సు ఎక్కడికి పోయినది?” అని మనము నిత్యము గద్దించుచున్న ప్రశ్నను ఒకమారు నిజముగా అడుగుదము. అడిగి, వారి యుత్తరము వచ్చువరకు ఓపికతో వేచియుందము.