పాత హిమాలయనా? కొత్త హిమాలయనా?

ఈమధ్య నాకొచ్చే ఉత్తరాల్లో హీరోగారి తర్వాతి సినిమా ఏమిటని అడిగేవాళ్ళకన్నా, హీరోగారు ఎక్కిన బండి ఏమిటని అడిగేవాళ్ళే ఎక్కువయ్యారు! 2021లో 'పుష్ప' వచ్చి మారేడుమిల్లి అడవుల్ని తెరకెక్కించిందగ్గర్నుంచీ మన కుర్రకారుకి ఘాట్ రోడ్డు పిచ్చి మరీ ముదిరింది. అందులో సగం మంది ప్రశ్న ఒక్కటే. "సార్, రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ పాత 411 సెకండ్ హాండ్‌లో కొనమంటారా, అప్పు చేసైనా కొత్త 450 కొనమంటారా?"

ఇన్నాళ్ళూ జవాబు దాటేస్తూ వచ్చాను. ఇప్పుడు దాటెయ్యలేను. ఎందుకంటే ఆ ప్రశ్న నా మెడకే చుట్టుకుంది.

నాకో స్నేహితుడున్నాడు. పదేళ్ళుగా అసిస్టెంట్ డైరెక్టరు. వాడి దగ్గర 2021 నాటి 411 ఉంది. లొకేషన్లు వెతకడానికి కొండాకోనా ఆ బండిమీదే తిరిగాడు. మొన్న సంక్రాంతికి వాడి మొదటి సినిమా మొదలవ్వాల్సింది. నిర్మాత వెనక్కి తగ్గాడు. నాలుగు నెలల అద్దె బాకీ పడింది. "బండి అమ్మేస్తున్నారా" అన్నాడు, అదేదో పాత చొక్కా పారేస్తున్నట్టు. నేను కొంటానన్నాను. వాడు ససేమిరా అన్నాడు. "జాలిపడి కొనకు. నువ్వు కొత్తదాని మీద మనసు పడ్డావని నాకు తెలుసు. రెండూ తోలి చూడు. ఆ తర్వాత మాట్లాడు."

మాట న్యాయంగానే ఉంది. మా మేనత్త కొడుకు దగ్గర కొత్త 450 ఉంది. "బావా, బండికి గీత పడితే మాత్రం మన చుట్టరికం చూడను" అని హెచ్చరించి మరీ తాళం ఇచ్చాడు. ఇద్దరం రాజమహేంద్రవరంలో బయల్దేరి, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి దారి పట్టాం.

ముందు అంకెలు చెప్పుకుందాం. హిమాలయన్ మొదట 2016లో వచ్చింది. 411 సీసీ ఇంజను, గాలికీ ఆయిలుకీ చల్లబడేది. అయిదు గేర్లు, 24 గుర్రాల బలం. 2023 నవంబరులో వచ్చిన కొత్తదానిది 452 సీసీ. రేడియేటరుతో నీళ్ళ మీద చల్లబడుతుంది. ఆరు గేర్లు, 40 గుర్రాల బలం. సీసీ పెరిగింది పదో వంతు. బలం పెరిగింది సగానికి పైనే! బరువు చూస్తే పాతది 199 కిలోలు, కొత్తది 196. టాంకు పాతదానికి 15 లీటర్లు, కొత్తదానికి 17. ముందు చక్రం రెంటికీ 21 అంగుళాలే.

మరి ఈ బలం ఎక్కణ్ణుంచి వచ్చింది? అసలు కథంతా పిస్టన్‌లో ఉంది. పాత ఇంజనులో పిస్టను వెడల్పు 78 మిల్లీమీటర్లు, అది కిందికీ పైకీ నడిచే దూరం 86. అంటే సన్నగా పొడుగ్గా ఉండే మనిషి లాంటిది. నిదానంగా అడుగేస్తుంది, కానీ ప్రతి అడుగులోనూ లాగుడుంటుంది. నిమిషానికి నాలుగు వేల చుట్లకే దాని పూర్తి లాగుడు చేతికొస్తుంది. కొత్తదానిలో వెడల్పు 84, నడిచే దూరం 81.5. పొట్టివాడు, చురుకైనవాడు. గబగబా తిరిగితేనే వాడి సత్తా. వాడి పూర్తి లాగుడు అయిదున్నర వేల దగ్గర, పూర్తి బలం ఎనిమిది వేల దగ్గర!

కాగితం మీద ఇదంతా ఒక వాక్యం. కొండమీద మాత్రం అదే నన్ను పడేసింది.

ఘాట్ రోడ్డు మీద కొత్త బండి రాజాలా నడిచింది. గేరు మార్చేలోపే మలుపు దాటేస్తోంది. వెనకాల పాతదాని మీద మావాడు కనిపించనే లేదు. 'ఇంకేం ఆలోచన, సంతకం పెట్టేయడమే' అనుకున్నాను. తారు రోడ్డు దిగి, ఒక గూడేనికి పోయే మట్టి దారి పట్టేవరకూ!

రాత్రి వాన పడింది. ఎర్రమట్టి, మధ్యలో గుండ్రాళ్ళు, పైకి ఎక్కుడు. నేను అలవాటు కొద్దీ రెండో గేరులో నెమ్మదిగా పోనిచ్చాను. చుట్లు తగ్గాయి. ఇంజను రెండుసార్లు వణికి ఆగిపోయింది. కాలు కింద పెడదామంటే నేల అందలేదు! నాది అయిదడుగుల అయిదంగుళాలు. పాతదాని సీటు 800 మిల్లీమీటర్లు, కొత్తదానిది 825. ఆ ఇరవై అయిదు మిల్లీమీటర్ల తేడా ఎంతో ఆ క్షణంలో నాకు తెలిసింది. బండీ నేనూ కలిసి బురదలో పవళించాం. క్లచ్ లివరు వంగింది. మేనత్త కొడుకు ముఖం కళ్ళముందు మెదిలింది.

తప్పు బండిది కాదు, నూటికి నూరుపాళ్ళూ నాదే. మొదటి గేరులోకి దింపి, చుట్లు నిలబెట్టి ఉంటే పువ్వులా ఎక్కేది. సీటు కొలత ముందే చూసుకోవాల్సింది కూడా నేనే.

నేను బురద తుడుచుకుంటూ ఉండగా ఒకాయన పాత వంద సీసీ బండి మీద, వెనక పసుపు బస్తా కట్టుకుని, చెప్పుల కాళ్ళతో మమ్మల్ని దాటుకుని పైకి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ "మెల్లగా రండి బాబూ" అన్నాడు!

తర్వాత అదే ఎక్కుడు పాత 411 మీద ఎక్కాను. అదే రెండో గేరు. టక్ టక్ టక్‌మంటూ, పిలిస్తే వచ్చే ఎద్దులా ఎక్కేసింది. వెనక చక్రం ఏబీఎస్ ఆపుకునే మీట ఉంది కాబట్టి, దిగేటప్పుడు బురదలో బ్రేకు నా చెప్పుచేతల్లోనే ఉంది. ఆ సౌకర్యం కొత్తదానిలోనూ ఉంది, ఆ మాట చెప్పకపోతే అన్యాయం.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. తిరుగుప్రయాణంలో విజయవాడ దాకా పాతదాని మీదే వచ్చాను. హైవే మీద తొంభై దాటితే దానికీ ఆయాసం, నాకూ ఆయాసం. లారీని దాటాలంటే ముందుగా ముహూర్తం చూసుకోవాలి. కొత్తదైతే అదే దారి మీద పాట పాడుకుంటూ వచ్చేస్తుంది. గుండ్రటి డయల్లో మ్యాపు కూడా చూపిస్తుంది.

కాబట్టి నా తీర్పు ఇదీ. వారానికి నాలుగొందల కిలోమీటర్లు హైవే తిరిగేవాళ్ళూ, ఎత్తున్నవాళ్ళూ, చేతిలో సొమ్మున్నవాళ్ళూ కొత్తదే కొనండి. కొనేముందు ఖర్చు లెక్క వేసుకోండి. విడుదలైనప్పుడు షోరూం ధర 2 లక్షల 69 వేల నుంచి మొదలైంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన బళ్ళ మీద జీఎస్టీ 40 శాతమైంది. దాంతో ధర ఇంకా పైకెక్కింది. మట్టి దారిలో నేర్చుకునేవాళ్ళకీ, పొట్టివాళ్ళకీ, వాయిదాలంటే నిద్ర పట్టనివాళ్ళకీ పాతదే మేలు. పాతది కొనేటప్పుడు ఇంజను కింద రేకు చూడండి, సొట్టలు దాని చరిత్ర చెబుతాయి. హాండిలు అటూ ఇటూ తిప్పి మధ్యలో పట్టేస్తోందేమో చూడండి. ఫోర్కుల దగ్గర ఆయిలు కారుతోందేమో వేలు పెట్టి చూడండి. ఆర్‌సీలో ఫైనాన్సు ఉంటే ఫారం 35 లేకుండా అడ్వాన్సు ఇవ్వకండి. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు అయ్యాకే పూర్తి సొమ్ము.

అన్నట్టు, సినిమా పత్రికలో సినిమా ముచ్చట లేకపోతే ఎలా? 1963లో వచ్చిన 'ది గ్రేట్ ఎస్కేప్' చూశారా? స్టీవ్ మెక్వీన్ మోటారుసైకిలు మీద ముళ్ళకంచె దూకే ఘట్టం ఈనాటికీ ఒళ్ళు పులకరింపజేస్తుంది. కథ రెండో ప్రపంచయుద్ధం నాటిది. తెరమీద బండి జర్మనువాళ్ళ సైనిక బండి. నిజానికది 1960ల నాటి ఇంగ్లీషు ట్రయంఫ్, పాత జర్మను బండి వేషం కట్టింది! ఆ దూకు దూకింది కూడా మెక్వీన్ కాదు, ఆయన స్నేహితుడు బడ్ ఎకిన్స్. కొత్త బండి పాతదాని వేషం కట్టింది, స్నేహితుడు హీరో వేషం కట్టాడు. తెరమీద మనకి కావలసింది వేషం. దూకేవాడికి మాత్రం తన చేతికి లొంగే బండి కావాలి. నేను కొత్తదాని మీద మనసు పడింది దారి కోసం కాదనీ, అద్దంలో నన్ను నేను చూసుకోవడానికేననీ ఆ బురదలో కూచున్నప్పుడు ఒప్పుకున్నాను.

స్నేహితుడి గుమ్మం ముందు నిలబడి "ఇది జాలి కాదు, నా కాలు నేలకి అందే బండి ఇదే" అన్నాను. వాడు పకపకా నవ్వాడు. బజారు ధరకి పైసా తగ్గలేదు, నేను పైసా తగ్గించమనలేదు. తాళంతోపాటు ఒక నోటుబుక్కు ఇచ్చాడు. ఎడమ పేజీలో సర్వీసు లెక్కలు, ఏ కిలోమీటరుకి ఆయిలు, ఏ కిలోమీటరుకి చెయిను. కుడి పేజీలో ఆ దారిలో వాడు చూసిన లొకేషన్లు. 'ఇక్కడ సాయంత్రం అయిదింటికి వెలుగు బాగుంటుంది' లాంటివి.

"ఇది నీ సినిమా సరుకు కదరా, ఉంచుకో" అన్నాను.

"బండి ఎక్కడుంటే అది అక్కడుండాలి. నా సినిమా మొదలైనప్పుడు రెండూ అద్దెకి తీసుకుంటాలే" అన్నాడు.

మేనత్త కొడుకుకి కొత్త క్లచ్ లివరు కొనిచ్చాను. చుట్టరికం ప్రస్తుతానికి నిలబడింది.

కుర్రకారూ! పాతదైనా కొత్తదైనా హెల్మెట్ బకిల్ బిగించండి. సెకండ్ హాండ్ కొంటే మాత్రం అమ్మేవాణ్ణి నోటుబుక్కు అడగండి. వచ్చేవారం కలుద్దాం.