ఈసారి ఈస్టర్ బిస్కెట్లు హాల్లోనే చేసుకుందాం

ఉగాది పందిరి వాడికి డబ్బు ఇంకా ఇవ్వనే లేదు, అప్పుడే ఈస్టర్ గురించి రాస్తున్నారేమిటి అనుకోకండి. ఈ ఏడాది ఉగాది మార్చి 19న వచ్చింది, ఈస్టర్ ఏప్రిల్ 5న. మధ్యలో ఉన్నది రెండున్నర వారాలే. ఈస్టర్‌కి ఇంటికో బేకరీ డబ్బా ఆర్డర్ చేసి పంచేద్దామని మొన్న కమిటీలో మాట వచ్చింది. మంచి మనసుతోనే అన్నారు. అయినా మేము వద్దంటున్నాం. ఎందుకు వద్దంటున్నామో నాలుగు ముక్కలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాం.

మేము అంటే నాలుగు కుటుంబాలు. రెండు చర్చికి వెళ్లేవి, రెండు గుడికి వెళ్లేవి. పోయినేడు ఈస్టర్‌కి ఒక ఇంట్లో చేరి, పిల్లల చేత బిస్కెట్లు చేయించాం. రెండు పలుచని బిస్కెట్ల మధ్య జామ్ పెట్టి అతికించేవి. పైదానికి నడిమిన గుండ్రటి చిల్లు, అందులోంచి జామ్ కనిపిస్తుంది. వాటిలో కష్టమేమీ లేదు. కర్జికాయలు ఒత్తే చేతికి ఇవి ఒక లెక్కా?

మన హాల్లో ఉగాది పచ్చడికి వేపపువ్వు ఎక్కడినుంచి వస్తుందో చాలామందికి తెలియదు. ఒక అక్కయ్య ఇంటి పెరట్లో చెట్టు ఉంది. ఏళ్ల తరబడి ఆమే కోసి, ఆరబెట్టి, చెరిగి, బట్ట సంచీలో తెస్తోంది. ఆమె క్రైస్తవురాలు. వాళ్లది కోలారు గనుల కుటుంబం. 2001 ఫిబ్రవరిలో గనులు మూతపడ్డాక బెంగళూరు చేరారు. పోయినేడు శుభ శుక్రవారం నాడు మన గ్రూపులో ఆమెకు ఏం వచ్చిందో చూశారా? పువ్వుల బొమ్మ మీద "హ్యాపీ గుడ్ ఫ్రైడే" అని. ఒకరు పెడితే వెనకే పదిమంది అదే పంపారు. అది యేసు సిలువ మీద చనిపోయిన రోజు. చావు జరిగిన ఇంటికి వెళ్లి శుభాకాంక్షలు చెప్పినట్టు. అక్కయ్య ఏమీ అనలేదు, చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంది. ఆ పంపినవాళ్లలో మా ఇంటివాళ్లూ ఉన్నారు, అందుకే ఇంత ధైర్యంగా రాస్తున్నాం.

ఈ ఏడాది రెండు క్రైస్తవ కుటుంబాలు సభ్యత్వం కట్టలేదు. చందా పెంచినందువల్ల అని కమిటీ అనుకుంది. మేము వెళ్లి అడిగాం. డబ్బు మాటే రాలేదు. "పనికి పిలుస్తారు, వస్తాం. మా పండగ నాడు మాత్రం మేము మీకు గుర్తు రాము" అని, కాఫీ ఇచ్చి మరీ, చాలా మెత్తగా చెప్పారు. దానికి బేకరీ డబ్బా జవాబు అవుతుందా? డబ్బా ఇంటికి కొరియర్‌లా వస్తుంది, వెళ్తుంది. వనస్పతి వాసన మాత్రం రెండు రోజులు ఉంటుంది.

మనది భాషా సంఘం, మత సంఘం కాదు, ఒకటి మొదలుపెడితే అందరూ అడుగుతారు అని ఒక పెద్దాయన అన్నారు. ఆయన మీద మాకు గౌరవం ఉంది. కానీ వినాయకుణ్ణి హాల్లోనే పెడుతున్నాం, వరలక్ష్మీ వ్రతానికి తాంబూలాలు హాల్లోనే ఇస్తున్నాం. అవన్నీ భాష కిందికి వచ్చి, ఈస్టర్ ఒక్కటే మతం కిందికి పోతుందా? ప్రార్థన హాల్లో పెట్టమని ఎవరూ అడగలేదు, అది చర్చిలో జరుగుతుంది. మేము అడుగుతున్నది పిండి కలపడానికి రెండు బల్లలు. నూర్‌బాషా కుటుంబాలు కూడా ఉన్నాయి కదా, రేపు వాళ్లు రంజాన్‌కి అడిగితే అన్నారు. అడిగేదాకా ఎందుకు ఆగాలి?

పైగా ఈ రెండు పండగలూ అంత దూరపు చుట్టాలేమీ కావు. ఉగాదిని చంద్రుణ్ణి చూసి లెక్కకడతాం. ఈస్టర్‌కీ అంతే. మార్చి 21నాడు గానీ ఆ తర్వాత గానీ వచ్చే పున్నమి దాటిన ఆదివారం ఈస్టర్. ఈసారి ఏప్రిల్ 2న చైత్ర పున్నమి, మూడు రోజులకే ఈస్టర్. కొన్నేళ్లు ముందువెనకలవుతుంది. 2024లో ఈస్టరే ముందు వచ్చింది, ఉగాది తర్వాత. ఈ సంగతి చెబితే పిల్లలు క్యాలెండర్ పట్టుకుని కూర్చున్నారు.

ఇక బిస్కెట్ల సంగతి. కొలత గుర్తుంచుకోవడం తేలిక. చక్కెర పొడి ఒక పాలు, వెన్న రెండు పాళ్లు, మైదా మూడు పాళ్లు, అన్నీ తూకంలో. 100 గ్రాములు, 200 గ్రాములు, 300 గ్రాములు. దీనికి రెండంగుళాల బిస్కెట్లు ముప్పై జతలకు అటూ ఇటూగా వస్తాయి. ఉప్పు ఉన్న వెన్న అయితే ఉప్పు వేయక్కర్లేదు. నాలుగు యాలకులు పొడి చేసి వేస్తే మన ఇంటి వాసన వస్తుంది. గుడ్డు లేదు, నీళ్లు లేవు. వెన్న, చక్కెర బాగా కలిపి, మైదా వేసి, ముద్ద కట్టేదాకా కలిపి ఆపేయాలి. చపాతీ పిండిలా పిసికితే బిస్కెట్ గట్టిపడుతుంది. మా అబ్బాయి బలం చూపించిన ముద్దను కుక్క కూడా కష్టపడి తిన్నది.

పోయినేడు మేము చేసిన పెద్ద తప్పు ఏప్రిల్ ఎండను లెక్కచేయకపోవడం. పదకొండు గంటలకు వంటింట్లో వెన్న కరిగిపోయింది. ట్రేలో పెట్టిన ఇరవై బిస్కెట్లూ కరిగి కలిసిపోయి ఒకే పలకగా బయటికి వచ్చాయి. పిల్లలకు అదే పండగైంది, విరుచుకు తిన్నారు. అప్పుడు అక్కయ్య చెప్పింది, ముద్దను అరగంట ఫ్రిజ్‌లో పెట్టమని, ఒత్తాక ట్రేతో సహా ఇంకో పది నిమిషాలు పెట్టమని. తర్వాత ఒక్కటీ పాడవలేదు. అర సెంటీమీటరుకు కాస్త తక్కువ మందం ఒత్తాలి. 170 డిగ్రీల దగ్గర పన్నెండు నుంచి పద్నాలుగు నిమిషాలు. అంచులు లేత రంగు తిరగగానే తీసేయాలి. అప్పుడు మెత్తగానే ఉంటాయి, కంగారు పడకండి, చల్లారితే గట్టిపడతాయి.

ఓవెన్ లేనివాళ్లు కుక్కర్ అడుగున ఉప్పు పరిచి, స్టాండ్ పెట్టి, గ్యాస్కెట్, విజిల్ తీసేసి కాల్చుకోవచ్చు. కాకపోతే ఒక్కో వాయికి ఏడెనిమిదే. వాళ్ల అవ్వ కాలంలో గనుల ఊళ్లో ఇంట్లో ఓవెన్ ఎవరికుంది అంటుంది అక్కయ్య. క్రిస్మస్‌కి ట్రేలు నెత్తిన పెట్టుకుని బేకరీకి తీసుకెళ్లేవారట. ఎవరి ట్రే ఎవరిదో తెలియడానికి మూలన సున్నంతో గుర్తు పెట్టేవారట. మన హాల్లో రెండు ఓవెన్లు ఒకేసారి పెడితే కరెంటు పోతుంది, అది అందరికీ తెలిసిందే. అందుకే మన వీధి బేకరీ ఆయన్ని అడిగాం. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా పొయ్యి ఖాళీ అన్నారు. ట్రేకి ఇంత అని తీసుకుంటారు.

ఆకారానికి అచ్చులు కొనక్కర్లేదు. పలుచని రేకు డబ్బా మూతను రెండు పక్కలా నొక్కితే కోడిగుడ్డు ఆకారం వస్తుంది. చిల్లుకి సోడా సీసా మూత. అందులో పైనాపిల్ జామ్ పెడితే అచ్చం పచ్చసొనలా ఉంటుంది. ఈస్టర్‌కి గుడ్డు ఎందుకంటే, యూరప్‌లో వెనకటికి ఈస్టర్ ముందు నలభై రోజుల ఉపవాసంలో మాంసంతో పాటు గుడ్లూ మానేసేవారు. కోళ్లు మానవు కదా. పండగ నాటికి ఇంటినిండా గుడ్లు. పెంకు పగిలి ప్రాణం బయటికి రావడాన్ని తెరుచుకున్న సమాధికి గుర్తుగానూ చూశారు. గుడ్డు తినని ఒక పెద్దాయన మన బిస్కెట్ చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. అందులో గుడ్డే లేదని ఒప్పించి, మూడు తినిపించి పంపాం.

కొన్న జామ్ అయినా రెండు నిమిషాలు ఉడికించి చిక్కబరచాలి. మేమైతే నల్లగా, కాస్త పుల్లగా ఉండే మన బెంగళూరు బ్లూ ద్రాక్షతో కూడా చేశాం. ఉడికించి, తొక్కా గింజా వడకట్టి, చక్కెరా నిమ్మరసమూ వేసి, చల్లటి పళ్లెం మీద చుక్క వేస్తే జారకుండా నిలిచేదాకా. మా ఓటు దానికే. కర్జికాయల్లో పెట్టే కొబ్బరి బెల్లం పూర్ణం పెట్టి చూశాం, రుచి బ్రహ్మాండం, రెండోనాటికి బిస్కెట్ మెత్తబడిపోయింది. ఏది పెట్టినా తినే ముందురోజే పెట్టాలి.

ఖర్చు తగ్గుతుందని మాత్రం చెప్పం. మంచి వెన్న చవక కాదు. కానీ ఆ రోజు మూడు గంటలు పిల్లలు తెలుగులో మాట్లాడారు. మనం తిట్టినందువల్ల కాదు, అక్కయ్యకు ఇంగ్లీషు తక్కువ, చేతుల నిండా పిండి, ఫోన్ ముట్టుకోవడానికి లేదు. "ఒత్తు, దొర్లించు, చిల్లు పొడువు, అంచు చెదరనీకు" అంటుంటే చేసుకుపోయారు. ఆదివారం తెల్లవారుజామున ఆమె కొవ్వొత్తులు తీసుకుని వాళ్లాయన సమాధి దగ్గరికి వెళ్తే, మాలో గుడికి వెళ్లే ఇంటి అమ్మాయి పూలబుట్ట పట్టుకుని వెంట వెళ్లింది. పిలవలేదు, తనే వెళ్లింది.

అందుకని మేము అనుకున్నది ఇదీ. కాల్చడం మార్చి 28 శనివారం, అంటే మట్టల ఆదివారానికి ముందురోజు. ఆ తర్వాతి వారమంతా చర్చికి వెళ్లేవాళ్లకు తీరిక ఉండదు, శుక్రవారం అసలు పిలవకూడదు. జామ్ పెట్టని బిస్కెట్లు గాలి చొరని డబ్బాలో వారం రోజులు నిక్షేపంగా ఉంటాయి. ఏప్రిల్ 4 సాయంత్రం మళ్లీ చేరి జామ్ పెట్టుకుందాం, ఎవరి డబ్బా వాళ్లు తీసుకెళ్దాం. చందా కట్టని ఆ రెండు ఇళ్లకు మేమే వెళ్లి పిలిచి వస్తాం. కమిటీ తరఫున ఒకరు తోడు వస్తే బాగుంటుంది.

28న పొద్దున తొమ్మిదికి పీట, అప్పడాల కర్ర తెచ్చుకోండి. మూత గట్టిగా పట్టే డబ్బా కూడా. ఊరగాయ పెట్టిన డబ్బాలు దయచేసి వద్దు, పోయినేడు ఒక ఇంటి బిస్కెట్లు ఆవకాయ వాసన వేశాయి.