మళ్లీ తల్లేనా దోషి?

స్త్రీల రచనల్లో ఉన్మాదం గురించి రాసే మనకు ఒక వాక్యం బాగా అలవాటైపోయింది: ‘ఆమెకు పిచ్చి లేదు, కుటుంబమే ఆమెను పిచ్చిదాన్ని చేసింది.’ నా డాక్టరేటు రోజుల నుంచీ ఈ మాటను సెమినార్లలో, ముందుమాటల్లో, సమీక్షల్లో వింటూనే ఉన్నాను. వినడానికి పితృస్వామ్యం మీద ధిక్కారంలాగే ఉంటుంది. కానీ మాట స్కిజోఫ్రీనియా దాకా వచ్చినప్పుడు ఆ నేరం ఎవరి మీద పడుతోందో ఒక్కసారి చూడండి. పేరుకు కుటుంబం. బోనెక్కేది తల్లి.

ఈ బోనుకొక చరిత్ర ఉంది. 1948లో ఫ్రీడా ఫ్రామ్-రైక్‌మన్ అనే మనోవిశ్లేషకురాలు, బిడ్డకు స్కిజోఫ్రీనియా తెచ్చిపెట్టే తల్లి అనే భావనకు ఒక పేరే పెట్టింది. ప్రేమ చూపకపోతే జడురాలైన తల్లి, ఎక్కువ చూపితే బిడ్డను మింగేసే తల్లి. 1956లో గ్రెగరీ బేట్సన్, ఆయన సహచరులు ‘డబుల్ బైండ్’ సిద్ధాంతం తెచ్చారు. ఒకదాన్నొకటి కొట్టేసుకునే రెండు ఆజ్ఞల మధ్య, తప్పించుకునే దారి లేక పెరిగిన బిడ్డకు ఆలోచనే చెదిరిపోతుందని వారి వాదన. వాళ్లిచ్చిన ప్రసిద్ధ ఉదాహరణలో, ఆసుపత్రిలో ఉన్న కొడుకు తల్లి భుజాల చుట్టూ చెయ్యి వేస్తాడు. ఆమె బిగుసుకుపోతుంది. అతను చెయ్యి తీసేస్తే, నామీద ప్రేమ పోయిందా అని అడుగుతుంది. ఆ తల్లి ఏ భయంతో, ఏ అలసటతో ఆ వార్డుకు వచ్చిందో అడగడానికి ఆ ఉదాహరణలో చోటు లేదు. తండ్రి అసలు ఆ దృశ్యంలోనే లేడు.

1964లో ఆర్.డి. లెయింగ్, ఏరన్ ఎస్టర్సన్ బ్రిటన్‌లో 11 కుటుంబాల కథనాలు ప్రచురించారు. రోగులు 11 మందీ స్త్రీలే. వాళ్ల మాటల్ని ప్రేలాపనగా కొట్టిపారేయకుండా, ఇంట్లో జరిగినదానికి జవాబుగా విన్నారు. అలా వినడం గొప్ప విషయం. అయితే వినడం వేరు, కారణం తేల్చడం వేరు. మన విమర్శ ఈ రెండింటినీ కలిపేసింది. 1979లో గిల్బర్ట్, గుబార్‌లు ‘జేన్ ఐర్’లోని బెర్తాను జేన్ అణచుకున్న కోపానికి ప్రతిరూపంగా చదివారు. ఆ తర్వాత మనకు పిచ్చి అంటే తిరుగుబాటుకు ఇంకో పేరు. అదే నవలలో రాచెస్టర్ తన భార్య పిచ్చికి ఆమె తల్లినే కారణంగా చూపిస్తాడని గుర్తుంచుకుందాం.

ఇవాళ తెలిసినదేమిటి? స్కిజోఫ్రీనియాలో వంశపారంపర్యం పాత్ర బలమైనది. అయినా అదొక్కటే కాదు: అచ్చంగా ఒకేలా ఉండే కవలల్లో ఒకరికి జబ్బుంటే, సగానికి పైగా సందర్భాల్లో రెండోవారికి రావడం లేదు. ఫిన్లండ్‌లో పెక్కా టియెనారి బృందం దత్తత వెళ్లిన పిల్లల్ని ఏళ్లతరబడి గమనించింది. పెంచిన ఇంట్లో సంబంధాలు చెడిపోయి ఉంటే, పుట్టుకతోనే ముప్పు ఉన్న పిల్లల్లో జబ్బు ఎక్కువగా కనిపించింది. ఆ ముప్పు లేని పిల్లల్లో అలా జరగలేదు. బాల్యంలో హింసకు, లైంగిక వేధింపులకు గురైనవారికి ప్రమాదం ఎక్కువని కూడా తెలిసింది. హింస చేసినవాడికి ఒక పేరుంటుంది. దాన్ని ‘కుటుంబ వాతావరణం’ అనే మసకమాట కింద దాచి, తల్లి స్వభావం ఖాతాలో రాయకూడదు.

కుటుంబం జబ్బును పుట్టించకపోయినా, జబ్బు చేసిన మనిషి బతుకును మాత్రం నిర్ణయిస్తుంది. లండన్‌లో జార్జ్ బ్రౌన్ బృందం చూపించింది ఇదే. ఇంటికి వెళ్లాక ఎడతెగని విమర్శ, ద్వేషం, అతిజోక్యం ఎదురైన రోగులకు జబ్బు తిరగబెట్టడం ఎక్కువ. 1987లో వెలువడిన చండీగఢ్ అధ్యయనంలో లండన్ కన్నా మన కుటుంబాల్లో ఇవి తక్కువగా కనిపించాయి. దాన్ని పట్టుకుని ఉమ్మడి కుటుంబానికి హారతులు పట్టేవారున్నారు. వాళ్లను నేనడిగేది ఒక్కటే: ఏ ఇల్లు? పుట్టిల్లా, అత్తిల్లా? స్కిజోఫ్రీనియా ఉండి కాపురం చెడిన స్త్రీలపై చెన్నైలోని స్కార్ఫ్ సంస్థ పరిశోధకులు 2003లో రాసినవి చదవండి. భర్తలు వదిలేస్తే పుట్టింటికి చేరిన స్త్రీలు, మేం పోయాక దీన్నెవరు చూస్తారని కుమిలే ముసలి తల్లిదండ్రులు.

డబుల్ బైండ్ కోసం మనం కాలిఫోర్నియా దాకా పోనక్కర్లేదు. పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు అని మన సామెతే చెప్పింది. దాన్ని హాస్యంగా వాడతాం. మా బంధువుల్లో ఒకమ్మాయి మీద దాన్ని అక్షరాలా అమలు చేశారు. పెళ్లి చేస్తే కుదుటపడుతుందన్నారు. అత్తింట్లో తెలియకూడదని మందులు మాన్పించారు. మూడో నెలలో జబ్బు తిరగబెడితే, దాచిపెట్టి అంటగట్టారని అల్లుడు గుమ్మం ముందు దించి వెళ్లాడు. పెళ్లి కుదిర్చిన మగవాళ్లెవరూ దోషులు కాలేదు. ‘నీ పెంపకమే’ అన్న మాట ఆమె తల్లికి దక్కింది. ఆమెకు మాత్రలు వేసేదీ, రాత్రి మేలుకుని కూర్చునేదీ ఆ తల్లే.

చట్టం కూడా ఆ అల్లుడికి దారి చూపింది. 1976 సవరణ తర్వాత హిందూ వివాహ చట్టం విడాకులకు కారణమయ్యే మానసిక రుగ్మతల్లో స్కిజోఫ్రీనియాను పేరుపెట్టి మరీ చెప్పింది. ఆ పేరు తగిలిస్తే చాలదనీ, కలిసి బతకడం అసాధ్యమయ్యేంత తీవ్రత ఉందని రుజువు కావాలనీ సుప్రీంకోర్టు 1988లో అన్నది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో 2013లో భర్తకు విడాకులు నిరాకరించింది. ఆ భార్య ప్రభుత్వ డాక్టరు. ఉద్యోగమూ చదువూ లేని స్త్రీ తన మనసు ఆరోగ్యంగా ఉందని దేనితో రుజువు చేసుకోవాలి?

కుటుంబాన్ని నేను వెనకేసుకొస్తున్నానని అనకండి. దాన్ని సరైన చోట నిలదీయమంటున్నాను. ‘ఎవరివల్ల వచ్చింది’ అనే ప్రశ్న తల్లిని పట్టుకుంటుంది. ‘ఎవరు చూస్తున్నారు, ఎవరు వదిలేశారు, మనోవర్తి ఎవరివ్వాలి, తల్లి తర్వాత ఎవరు’ అనే ప్రశ్నలు భర్తనూ అన్నదమ్ముల్నీ ప్రభుత్వాన్నీ పట్టుకుంటాయి. ఇల్లు రానివ్వలేదన్న కారణంతో ఎవరినీ ఆసుపత్రిలో ఉంచేయకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. మరి ఆ స్త్రీ ఉండడానికి ఊళ్లో ఇల్లేది? మనం రాయాల్సింది దాని గురించి. బెర్తా గురించి రాసినన్ని పేజీల్లో పదోవంతైనా, మాత్రలు మింగుతూ బతుకుతున్న స్త్రీలు తమ గురించి తాము చెప్పుకునేదానికి కేటాయిద్దాం. వాళ్ల జబ్బును మన తిరుగుబాటుకు జెండాగా వాడుకోవడం మానేద్దాం.