గని నీరు ఏ వాడకు?

బొగ్గు గనుల పర్యావరణ అనుమతుల చర్చలో నీటి గురించి ఒకే హామీ పదేపదే వినిపిస్తుంది: గని నుంచి బయటకు వదిలే నీరు ప్రమాణాలకు లోబడే ఉంటుందని. ఆ హామీ అక్షరాలా అమలవుతోందనే అనుకుందాం. అయినా రెండు ప్రశ్నలు మిగులుతాయి. గని తోడేసిన భూగర్భజలం ఎవరి బావిలోంచి పోయింది? గని వదిలిన నీరు ఎవరి పొలం మీదుగా పారుతోంది? ఇంజనీర్లకు వదిలేసిన ఈ ప్రశ్నలు నా దృష్టిలో కుల ప్రశ్నలు.

రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్న సింగరేణి ఉత్పత్తిలో అత్యధిక భాగం నేడు ఓపెన్‌కాస్ట్ గనుల నుంచే వస్తోంది. ఓపెన్‌కాస్ట్ గొయ్యి భూగర్భజల మట్టాన్ని దాటి లోతుకు దిగుతుంది. అడుగున ఊరే నీటిని పంపులతో తోడుతూ ఉంటే తప్ప బొగ్గు తీయడం సాధ్యం కాదు. తోడేకొద్దీ చుట్టుపక్కల నీటిమట్టం గొయ్యి వైపు వాలుతుంది. అప్పుడు ముందుగా ఎండేవి లోతు తక్కువ బావులు, చేతిపంపులు. మరోవైపు తవ్విపోసిన మట్టి గుట్టలున్నాయి. 100 హెక్టార్ల గుట్టపై 100 మిల్లీమీటర్ల వాన కురిస్తే ఆ నీరు 10 కోట్ల లీటర్లు. అందులో కొంత ఇంకినా, మిగిలినది మట్టినీ బొగ్గుపొడినీ మోసుకుంటూ పల్లానికి పారుతుంది. అందుకే గుట్టల చుట్టూ కాలువలు, మట్టి అడుగుకు దిగేందుకు సెటిలింగ్ పాండ్లు అవసరం. వానాకాలానికి ముందే వాటి పూడిక తీయకపోతే అవి కాగితం మీది రక్షణగానే మిగులుతాయి.

ఇంతవరకు శాస్త్రం. గని సరిహద్దు దాటగానే కులం మొదలవుతుంది. నీటిమట్టం పడిపోతే, పట్టా భూమీ పెట్టుబడీ ఉన్న రైతు బోరును మరింత లోతుకు దించుతాడు. చేతిపంపే ఆధారమైన దళితవాడకు, చెలిమ నీటిపై బతికే కోయ, గోండు గూడేలకు ఆ అవకాశం లేదు. వారికి మిగిలేది ట్యాంకరు కోసం ఎదురుచూపు. భూ పంపిణీలో దళితుల వంతుకు వచ్చిన అసైన్డ్ భూములు చాలాచోట్ల ఊరి శివార్లలో, వాగు ఒడ్డున ఉన్నవే. మట్టి కలిసిన వరద మొదట మేట వేసేదీ అక్కడే. నీరు పల్లమెరుగును నిజమే; ఆ పల్లంలో ఎవరు ఉండాలో నిర్ణయించింది మాత్రం ప్రకృతి కాదు.

అసైన్డ్ భూములను సేకరిస్తే పట్టాదారులతో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పు చెప్పింది. అది గొప్ప విజయమే. కానీ సేకరించని భూమి గని కింద మేట పడితే, బావి ఎండితే, ఆ పొలంలో కూలీ దొరకని స్త్రీకి పనిదినాలు పోతే, ఆ నష్టం ఏ రిజిస్టరుకెక్కుతుంది? భూమి లేనివారికి కలిగే ఇలాంటి నష్టం లెక్కలోకి రావడం కష్టం.

మిగులు గని నీటిని చెరువులకు, గ్రామాలకు ఇస్తున్నామని బొగ్గు సంస్థలు చెబుతున్నాయి. అది మేలైన పనే, దాన్ని కాదనను. అయితే చెరువు నిండితే తడిసేది ఆయకట్టు. ఆయకట్టులో భూమి ఎవరిదో ఊరందరికీ తెలుసు. పోయింది వాడ చేతిపంపు నీరు, నిండింది మోతుబరి మడి. పంపిణీ ఎలా జరగాలో ముందే నిర్ణయించకపోతే పరిహారమూ కులం గీసిన కాలువలోనే పారుతుంది.

1927లో మహద్‌లో అంబేద్కర్ నాయకత్వాన దళితులు చౌదార్ చెరువు నీటిని తాకే హక్కును చాటారు. నేడు గని పక్క వాడల్లో ప్రశ్న మరో అడుగు ముందుకు సాగింది: తాకడానికి నీరే లేనప్పుడు, ఉన్న నీరు తాగడానికి పనికిరానప్పుడు ఆ హక్కు ఏమైనట్టు? దళితులు, ఆదివాసులు వాడుకునే నీటి వనరును పాడుచేయడం నేరమని 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టమే చెప్పింది. ఆ చట్టం ఊహించింది నీటిని పాడుచేసే మనిషిని. పంపులతో, మట్టి గుట్టలతో నెమ్మదిగా సాగే నష్టానికి బాధ్యుడెవరో తేల్చే మార్గాన్ని ఇంకా మనం నిర్మించుకోలేదు.

నీటికి కులమేమిటని కొందరు అడుగుతారు. లేకపోతే మంచిదే, లెక్కలు తీసి చూపించండి. ప్రభావిత గ్రామాల్లో నీటిమట్టాన్ని, నాణ్యతను ఊరికొకటిగా కాక వాడవాడకూ కొలిచి, ఫలితాలను తెలుగులో పంచాయతీ గోడపై రాయాలి. ప్రజాభిప్రాయ సేకరణ వాడ మనుషులు నోరు విప్పగల చోట జరగాలి. 2015లో చట్టమైన జిల్లా ఖనిజ నిధికి తాగునీరు ఇప్పటికే ప్రాధాన్య రంగం. ఆ నిధుల్లో మొదటి కుళాయి బావి ఎండిన వాడకు వెళ్లాలి. గని నీటిని పంచే కమిటీల్లో భూమిలేని స్త్రీలకు స్థానం ఉండాలి.

బొగ్గు తీసినన్నాళ్లే గని నడుస్తుంది. తర్వాత గొయ్యి, గుట్ట, ఎండిన బావి మిగులుతాయి. వాటి మధ్య బతకాల్సినవారే నీటి లెక్కను అడగాలి. విద్యార్థులు, రాజకీయ కార్యకర్తలు వారి పక్కన నిలబడి ఆ లెక్కను చదవాలి.