యాసిడ్ పొంగితే నేల సిద్ధమైనట్టేనా?

అమెరికాలో గరాజ్ నేలకు సొంతంగా యాసిడ్ స్టెయిన్ వేసుకుందామనుకున్నవాళ్లకు ముందుగా అందే సలహా ఒకటుంది: ‘మ్యూరియాటిక్ (హైడ్రోక్లోరిక్) యాసిడ్ పోసి కడిగెయ్యండి.’ టైల్స్ పరిచిన మేస్త్రీ చివర్న యాసిడ్‌తో సిమెంటు మరకలు వదిలించడం చూసిన మన తెలుగువాళ్లకు అది మరీ సబబుగా తోస్తుంది. నిజానికి ఈ పనికి అంతకు మించిన చెడ్డ సలహా లేదు.

యాసిడ్ స్టెయిన్ పైన పూసే పెయింటు కాదు. అందులో హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పాటు ఇనుము, మాంగనీసు, రాగి వంటి లోహాల లవణాలు ఉంటాయి. కాంక్రీటులోని సున్నంతో, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్‌తో, అవి కలిస్తేనే గోధుమ, నీలిపచ్చ ఛాయలు పుడతాయి. ముందే యాసిడ్ పోస్తే పైపొరలో ఉన్న ఆ సున్నాన్నే అది తినేస్తుంది. తర్వాత ఎంత ఖరీదైన స్టెయిన్ తెచ్చినా వెలవెలబోయిన మచ్చలే మిగులుతాయి.

‘మరి నూనె మరకలు పోవద్దా?’ అని అడుగుతారు. పోవాలి, కానీ యాసిడ్‌తో పోవు. నూనె తాగిన చోట యాసిడ్ సిమెంటును సరిగా తాకనే తాకదు. డీగ్రీజర్ పోసి నాననిచ్చి, గట్టి బ్రష్‌తో తోమి, మురికినీళ్లు ఆరిపోకముందే వెట్ వ్యాక్యూమ్‌తో లాగెయ్యాలి. పాత సీలర్, పెయింటు కూడా యాసిడ్‌కు లొంగవు. వాటికి తగిన స్ట్రిప్పర్ వాడాలి.

ముందే యాసిడ్ పోసే అలవాటుకు మూలం ఎపాక్సీ పూత. పూత అంటుకోవాలంటే నేల గరుకుగా ఉండాలి కాబట్టి చాలా ఎపాక్సీ కిట్లలో ఎచింగ్ పొడి, అంటే నేలను కొరికే ఆమ్లపు పొడి, కూడా ఇస్తారు. అద్దంలా నునుపు తేల్చిన నేలకు నీటి ఆధారిత స్టెయిన్ వేసేటప్పుడూ రంధ్రాలు తెరవాల్సి రావచ్చు. దానితో నాకు పేచీ లేదు. ఆ నియమాన్ని యాసిడ్ స్టెయిన్‌కు అంటగట్టడమే తప్పు.

యాసిడ్ పడగానే నేల బుసబుసా పొంగుతుంది. చూసేవాళ్లకు మురికి వదులుతోందన్న భరోసా కలుగుతుంది. వదులుతున్నది మురికి కాదు, సిమెంటు. తలుపులు మూసిన గరాజ్‌లో ఆ ఆవిరి ఊపిరితిత్తులను మండిస్తుంది, గోడకు వేలాడే పనిముట్లకు తుప్పు పట్టిస్తుంది.

నేల సిద్ధమైందో లేదో చెప్పేది నీళ్లు. నాలుగైదు చోట్ల చిలకరించండి. వెంటనే ఇంకి నేల రంగు ముదిరితే స్టెయిన్ కూడా ఇంకుతుంది. ముత్యాల్లా నిలిస్తే అక్కడ నూనో, సీలరో, క్యూరింగ్ కాంపౌండో ఉన్నట్టే. అదేమిటో తేల్చుకుని దాన్నే తీసెయ్యండి. కొత్త కాంక్రీటైతే కనీసం 28 రోజులు ఆగండి. ఆపైన ఓ మూల కొద్దిగా స్టెయిన్ వేసి చూడండి. యాసిడ్ చెయ్యాల్సిన పని ఏదైనా ఉంటే, అది స్టెయిన్ డబ్బాలోనే ఉంది. విడిగా మరో సీసా కొనక్కర్లేదు.