రక్షకుని కోసం ఎంతకాలం ఎదురుచూస్తాం?

2024లో రెండు భారీ వైజ్ఞానిక కల్పనా చిత్రాలు మన ఇళ్లలోని యువతను విశేషంగా ఆకట్టుకున్నాయి. మార్చిలో డెనిస్ విల్నెవ్ దర్శకత్వంలో ‘డ్యూన్’ రెండవ భాగం వచ్చింది. జూన్ 27న నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఏడీ’ విడుదలైంది. హక్కుల పత్రికలో సినిమా ముచ్చట ఎందుకని పెద్దలు అడగవచ్చు. ఈ రెండు కథల్లోనూ నీళ్లు లేని ప్రజలున్నారు, వారు ఎదురుచూసే రక్షకుడున్నాడు. ఆ కథ బోధన్ వాసులకు కొత్తది కాదు.

‘కల్కి’లో గంగ ఎండిపోయింది. కాశీ ప్రజలు దుమ్ములో బతుకుతుంటే, వారి నెత్తిన తలకిందులైన పిరమిడ్ వంటి ‘కాంప్లెక్స్’ సకల వనరులనూ అనుభవిస్తుంటుంది. దిక్కులేని వారికి ఆశ్రయమిచ్చే శంబాలకు నాయకురాలి పేరు మరియం. మరో పాత్ర పేరు రూమీ. మన ఇళ్లలో వినిపించే పేర్లు తెలుగువారి భవిష్యత్ చిత్రంలో గౌరవంగా వినిపించడం నాకు సంతోషం కలిగించింది. అయితే ఆ పేర్ల వెనుక మన జీవితం మాత్రం కనిపించదు.

‘డ్యూన్’ సంగతి మరింత విచిత్రం. ఫ్రాంక్ హెర్బర్ట్ 1965లో వెలువరించిన నవల దీనికి ఆధారం. ఎడారి ప్రజలైన ఫ్రెమెన్‌ల నోట మహదీ, లిసాన్ అల్ గైబ్ వంటి మాటలు వినిపిస్తాయి. ఆ ఎడారిని జోర్డాన్‌లోనూ అబుదాబిలోనూ చిత్రీకరించారు. నిజామాబాద్ జిల్లా నుంచి గల్ఫ్‌కు వెళ్లిన మన బిడ్డలకు ఆ ఎండ, ఆ ఇసుక స్వానుభవం. కానీ ఫ్రెమెన్‌లలో ముఖ్యులైన చానీ, స్టిల్గార్ పాత్రలను అమెరికన్ నటి జెండాయా, స్పెయిన్ నటుడు హావియెర్ బార్డెమ్ పోషించారు. మన మాటలు కావాలి, మన ఎడారి కావాలి. మన ముఖాలు మాత్రం ముందు వరుసలో అక్కర లేకపోయాయి.

అయినా ఆ చిత్రాన్ని తప్పక చూడమంటాను. కారణం స్టిల్గార్. పరదేశి యువకుడు పాల్ ఏం చేసినా అతనికి మహదీ సూచనగానే తోస్తుంది. నేను మహదీని కాదని పాల్ అంటే, ఆ వినయమే నిదర్శనమంటాడు. అక్కడ నవ్వు వస్తుంది. కానీ ఆ జోస్యాన్ని ఒక రహస్య మహిళా వర్గం తన ప్రయోజనాల కోసం ఏనాడో నాటిందని గుర్తుకు వచ్చేసరికి ఆ నవ్వు చేదెక్కుతుంది. మహదీపై విశ్వాసం మన దీన్‌కు సంబంధించిన విషయం, దానిపై నాకు పేచీ లేదు. విశ్వాసాన్ని అధికారానికి మెట్టుగా వాడుకునే వారితోనే నా పేచీ. ‘కల్కి’ రక్షకుని రాకను ప్రశ్నించదు, ‘డ్యూన్’ ప్రశ్నిస్తుంది. చివరకు అందరూ మోకరిల్లినా చానీ మోకరిల్లదు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. మంజీరపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీటితో బోధన్ చెరకు పండింది. ఆ చెరకుతో శక్కర్‌నగర్ వెలిసింది. నిజాం షుగర్ ఫ్యాక్టరీని 2002లో ప్రైవేటుపరం చేశారు. 2015 డిసెంబరులో మూసివేశారు. మతభేదం లేకుండా కార్మికులు, చెరకు రైతులు వీధిన పడ్డారు. ఆ తరువాత ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ తెరిపిస్తామన్న హామీ వస్తూనే ఉంది. ఇఫ్తార్ విందులో టోపీ ధరించిన నాయకుణ్ణి చూసి, ఇతడే మనవాడని మురిసిపోయే మనలో స్టిల్గార్ లేడా?

వచ్చే నాయకుని కోసం కాదు, ఇచ్చిన హామీ లెక్క కోసం నిలబడదాం. ఎప్పటిలోగా, ఎంత నిధితో, ఎందరికి ఉపాధి అని రాతపూర్వకంగా అడుగుదాం. సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలోనే ఉంది.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. పిల్లలతో కలిసి ఈ చిత్రాలు చూడండి. ఇంటికి వచ్చాక, 2898లో మన బోధన్ ఎలా ఉండాలో రాయమనండి. మన రేపటిని ఇతరులు రాస్తే, అందులో మనకు మిగిలేది పేరు మాత్రమే.